చెవి ముందు, కన్ను తర్వాత

కిక్కిరిసిన సభలో కచేరీని వీడియో తీయడం ఎలా?

మీ అమ్మాయి త్యాగరాజ ఆరాధన నాడు మొదటిసారి వేదికెక్కి పాడుతోంది. లేదా మీ గురువుగారి కచేరీ ఉంది, "వీడియో సంగతి నువ్వు చూసుకోరా" అని పని మీకే అప్పజెప్పారు. హాలు నిండిపోయింది. నడవాలో కూడా ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మీరు ఫోను పట్టుకుని ఎక్కడో ఒక సందు చూసుకుని నిలబడ్డారు.

ఇంటికొచ్చి చూసుకుంటే ఏముంది? ముందు వరసాయన బట్టతల మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. గాయని ముఖం తెల్లగా పాలిపోయి, కళ్లూ ముక్కూ తెలియడం లేదు. మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడల్లా స్పీకరు బరబరమంటోంది. మధ్యలో ఎవరో "ఆఁ, కచేరీలో ఉన్నా, తర్వాత చేస్తా" అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రికార్డయింది.

తప్పు ఫోనుదేనా? ఇవాళ మామూలు ఫోను కూడా పనికొచ్చే వీడియో తీస్తుంది. అసలు చిక్కేమిటంటే, మనం బొమ్మ గురించే ఆలోచిస్తూ బయల్దేరతాం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా, ఒక పక్కకు ఒరిగినా, చూసేవాళ్లు సర్దుకుపోతారు. పాట చెడితే మాత్రం రెండో నిమిషంలో ఆపేస్తారు. అందుకే ఈ అధ్యాయమంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి, ఏది వదిలెయ్యాలి అనే ప్రతి ప్రశ్నకూ ముందు చెవి జవాబు చెప్పాలి, ఆ తర్వాతే కన్ను.

1. ఎవరికోసం తీస్తున్నారు?

ఈ ప్రశ్న వేసుకోకుండా హాల్లో అడుగుపెట్టేవాళ్లే ఎక్కువ. జవాబును బట్టి మీ సామాను, మీ చోటు, మీ శ్రమ అన్నీ మారిపోతాయి.

వాట్సాప్ స్టేటస్ కోసమా? ఒక పల్లవి చాలు. అరనిమిషం తీసి, ఫోను జేబులో పెట్టుకుని హాయిగా వినండి.

రాలేకపోయిన అమ్మమ్మ కోసమా? ఒకటి రెండు పాటలు మొదటినుంచి చివరిదాకా తెగకుండా కావాలి. ఆవిడకు ముక్కలు ముక్కలుగా ఇరవై క్లిప్పులు పంపితే ఏ పాటా పూర్తిగా వినలేదు. మనవరాలు ఎత్తుకున్న పాట దించేదాకా వినాలన్నది ఆవిడ కోరిక.

పాడేవాళ్ల కోసమా? వాళ్లు తమ తప్పొప్పులు చూసుకోవడానికో, మరో సభకు పంపుకోవడానికో వాడతారు. అప్పుడు మొత్తం కచేరీ కావాలి, విడిగా సౌండ్ రికార్డింగ్ కావాలి, స్టాండు కావాలి, సాయానికి ఒక మనిషి కూడా కావాలి.

ఒకే సాయంత్రం మూడు పనులూ చేసేద్దామనుకుంటే ఏదీ సరిగ్గా రాదు. ఒకటి ఎంచుకోండి. ఇంట్లోంచి బయల్దేరకముందే ఎంచుకోండి.

2. అడగడానికి మొహమాటపడకండి

చాలా సభల్లో రికార్డింగ్ నిషేధం. కొన్నిచోట్ల బోర్డు పెడతారు, కొన్నిచోట్ల మైకులో చెబుతారు, మరికొన్నిచోట్ల మీరు మొదలుపెట్టాక వాలంటీరు వచ్చి భుజం తడతాడు. మూడోది అందరి ముందూ జరిగే ముచ్చట. అంతదాకా ఎందుకు? ముందురోజు సభ కార్యదర్శికి ఒక ఫోను చేస్తే సరిపోతుంది.

"నమస్కారమండీ. రేపు పాడే అమ్మాయి మా చెల్లెలు. కుడిపక్క గోడవారగా చిన్న స్టాండు పెట్టుకుని వీడియో తీసుకోవచ్చాండీ? ఎవరికీ అడ్డం రాను."

"పెట్టుకోండి గానీ, ముందు వరసల్లోకి రాకండి బాబూ. పెద్దలు కూర్చుంటారు."

"అలాగేనండీ. మైకుసెట్టు వాళ్లతో ఒక్క మాట చెప్పగలరా? వాళ్ల మిక్సర్ నుంచి సౌండు తీసుకుంటాను."

నాలుగు మాటల్లో మూడు పనులయ్యాయి: అనుమతి దొరికింది, చోటు ఖాయమైంది, సౌండుకు దారి పడింది. కార్యదర్శి గారికి మీరెవరో తెలిసింది కాబట్టి రేపు వాలంటీరు మీ దగ్గరికి వచ్చినా గొడవుండదు.

కళాకారుల్ని అడగడం మాత్రం మరిచిపోకండి. త్యాగరాజస్వామి కీర్తనల మీద ఇవాళ ఎవరికీ కాపీరైట్ లేదు. ఆయన 1847లోనే సిద్ధి పొందారు. కానీ ఆ కీర్తనను నిన్న సాయంత్రం ఈ వేదిక మీద పాడిన గాయనికి తన ప్రదర్శన మీద హక్కుంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రదర్శకులకు 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. సొంతానికి దాచుకునే రికార్డింగుకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. యూట్యూబ్‌లో పెట్టడం సొంతానికి దాచుకోవడం కిందికి రాదు. కాబట్టి "తీసుకోవచ్చా?" అని ఒకసారి, "పెట్టుకోవచ్చా?" అని ఇంకోసారి, రెండూ విడివిడిగా అడగండి.

3. గంట ముందు వెళ్లండి, చోటు పట్టండి

హైదరాబాద్ రవీంద్రభారతి అయినా, విజయవాడ తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం అయినా, మీ వీధి చివర రామాలయం అయినా, ఆఖరి నిమిషంలో వెళ్తే మీకు మిగిలేది స్తంభం వెనక చోటే. ముందు వెళ్తే ఖాళీ హాల్లో నాలుగు దిక్కులా నిలబడి చూసుకోవచ్చు.

కర్ణాటక కచేరీలో కూర్చునే తీరు మీకు తెలిసిందే. గాయకులు మధ్యలో, వాళ్ల ఎడమపక్క వయొలిన్, కుడిపక్క మృదంగం. అంటే ప్రేక్షకుల్లోంచి చూస్తే మృదంగం ఎడమవైపు, వయొలిన్ కుడివైపు ఉంటాయి. పక్కవాద్యాల వాళ్లిద్దరూ కొంచెం లోపలికి, ఒకరికొకరు ఎదురుగా తిరిగి కూర్చుంటారు. దీన్నుంచి మీకు పనికొచ్చే విషయాలు రెండు.

ఒకటి: సరిగ్గా నడిమధ్యన నిలబడితే మైకు స్టాండు గాయని నోటికి అడ్డం వస్తుంది. ఒక మీటరో రెండు మీటర్లో పక్కకు జరగండి. పెదవులు, గడ్డం, తాళం వేసే చెయ్యి, మూడూ కనిపిస్తాయి.

రెండు: ఎటు జరగాలి? కుడిపక్కకు జరిగితే మృదంగ విద్వాంసుడి ముఖం దొరుకుతుంది, వయొలిన్ వారి వీపు ఎక్కువ కనిపిస్తుంది. ఎడమపక్కకు జరిగితే తలకిందులవుతుంది. కమాను లాగడం మీకు ముఖ్యమా, మృదంగం తని ఆవర్తనం ముఖ్యమా? ఆ సాయంత్రం ఎవరు వాయిస్తున్నారో చూసుకుని నిర్ణయించుకోండి. మృదంగ విద్వాంసుడిది ఎడమచేతి వాటమైతే ఇద్దరూ చోట్లు మార్చుకోవచ్చు, అది కూడా ముందే కనుక్కోండి.

ఇక చెవి మాట. స్పీకరుకు ఎదురుగా, దగ్గరగా నిలబడకండి. బాల్కనీ కిందికి పోకండి, అక్కడ శబ్దం గుయ్యిమంటుంది. ఏసీ గొట్టం, పెడస్టల్ ఫ్యాను, టీ ఇచ్చే గుమ్మం, వీటికి దూరం జరగండి. మామూలు హాల్లో మూడో వరస నుంచి ఆరో వరస దాకా, కాస్త పక్కగా ఉన్న కుర్చీ మంచిది. నడవా అంచున కుర్చీ దొరికితే ఒకవైపు తలల బెడద కూడా ఉండదు.

4. సౌండు: ఇక్కడ ఎక్కువ శ్రద్ధ పెట్టండి

ఫోనుకు మైకులు ఎక్కడున్నాయో ఎప్పుడైనా చూశారా? అడుగున చార్జింగ్ కన్నం పక్కన ఒకటి ఉంటుంది, చాలా ఫోన్లలో పైఅంచున గానీ కెమెరా దగ్గర గానీ ఇంకొకటి. ఫోనును అడ్డంగా తిప్పి రెండు చేతులతో పట్టుకోగానే కుడి అరచెయ్యి సరిగ్గా ఆ కన్నాన్ని మూసేస్తుంది. పాట గోనెసంచిలోంచి వస్తున్నట్టు వినిపించడానికి సగం సందర్భాల్లో ఇదే కారణం. వేళ్లతో అంచులు మాత్రమే పట్టుకోండి. మందపాటి కవరుంటే తీసెయ్యండి.

రెండో సమస్య ఫోను తెలివి. శబ్దం తగ్గగానే అది సొంతంగా స్థాయి పెంచుతుంది, పెరగగానే తొక్కేస్తుంది. ఆలాపన మంద్రంలో సాగుతుంటే ఫ్యాను హోరు, ఎవరి దగ్గో పైకి లేస్తాయి. ఆ వెంటనే మృదంగం తీర్మానం పడితే పాట మొత్తం ఒక్కసారి కిందికి కుంగుతుంది. ప్రో మోడ్‌లో గానీ, విడి యాప్‌లో గానీ సౌండ్ స్థాయిని చేత్తో పెట్టుకునే వీలుంటే వాడుకోండి.

అంతకన్నా మేలైన దారి, సౌండును వేరే పరికరంలో తీయడం. మీ స్థోమతను బట్టి మూడు మెట్లు చెబుతాను.

మొదటి మెట్టు: ఇంట్లో మూల పడి ఉన్న పాత ఫోను. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వాయిస్ రికార్డర్ నడిపి, అనుమతి తీసుకుని వేదిక అంచున మెత్తటి తువ్వాలు మీద ఉంచండి. అక్కడ ప్రేక్షకుల దగ్గులు తక్కువ, పాట ఎక్కువ.

రెండో మెట్టు: చేతిలో ఇమిడే సౌండ్ రికార్డర్. స్థాయి చూపించే గీతలు వర్ణం పాడేటప్పుడు మైనస్ 18 డెసిబెల్ దగ్గర ఆడేలా పెట్టండి. అంత తక్కువెందుకు అంటారా? కచేరీ వర్ణం దగ్గర ఆగదు కదా. గంటన్నర తర్వాత తని ఆవర్తనం వస్తుంది, దాని వెంట చప్పట్లొస్తాయి. ఆ రెంటికీ పైన చోటు మిగలాలి. తక్కువగా రికార్డయినదాన్ని ఇంట్లో పెంచుకోవచ్చు, పగిలిన సౌండును ఎవరూ అతికించలేరు.

మూడో మెట్టు: మైకుసెట్టు వాళ్ల మిక్సర్ నుంచి నేరుగా తీగ. "అన్నా, రికార్డింగుకి ఒక అవుట్ ఇస్తావా?" అని అడిగితే చాలామంది కాదనరు. కాకపోతే మొదలయ్యాక అడిగితే వాళ్లకు తీరికుండదు. మైక్ టెస్టింగ్ జరుగుతున్నప్పుడే వెళ్లండి. ఆ తీగలో వచ్చే సంకేతం మైకు సంకేతం కన్నా చాలా బలమైనది. రికార్డర్లో 'లైన్' అన్న మీట నొక్కడం మరిచిపోతే మొత్తం పగులుతుంది. ఇంకో కిటుకు కూడా తెలుసుకోండి. చిన్న హాల్లో మృదంగం తనంతట తానే గట్టిగా వినిపిస్తుంది కాబట్టి మైకాయన దాన్ని మిక్సర్లో తగ్గించి పెడతాడు. హాల్లో అది సరిపోతుంది. మీ తీగలో మాత్రం గొంతు పైకి, మృదంగం పీలగా వస్తాయి. అందుకే మిక్సర్ సౌండొక్కటే నమ్ముకోకండి. హాలు సౌండు కూడా తీసి ఇంట్లో రెండూ కలుపుకోండి.

విడిగా తీసిన సౌండును బొమ్మతో జతచేయడం కష్టమా? రెండు పరికరాలూ నడుస్తుండగా కెమెరాకు కనపడేలా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు, ఆ బొమ్మ ఒకచోట కలిస్తే చాలు. పొడుగు కచేరీలో రెండు పరికరాల గడియారాలు కొద్దికొద్దిగా తేడా పడతాయి కాబట్టి ప్రతి పాటకూ మళ్లీ సరిచూసుకోండి.

హాలు చివరి నుంచి తీసేవాళ్లకు ఇంకో మాట. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. మీరు వేదికకు 34 మీటర్ల దూరంలో ఉంటే పాట మీ ఫోనుకు సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. చెయ్యి మృదంగం మీద పడిన తర్వాత దెబ్బ వినిపిస్తుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది రెండున్నర ఫ్రేముల తేడా. ఎడిటింగ్‌లో సౌండును అంత ముందుకు జరపండి, చూసేవాళ్లకు హాయిగా ఉంటుంది.

చివరగా, మీ నోరు. ఫోనుకు అందరికన్నా దగ్గరగా ఉన్న గొంతు మీదే. "ఆహా", "భళా" అన్నా, సన్నగా గొంతు కలిపినా గాయని కన్నా మీరే ముందు వినిపిస్తారు. ఫోను పట్టుకున్న చేత్తో తాళం అసలు వెయ్యకండి. తల ఊపండి, అది రికార్డవదు.

5. వెలుతురు: ముఖం మీద తాళం వెయ్యండి

వేదిక మీద దీపాలు, చుట్టూ చీకటి. ఫోను ఆ చీకటంతా చూసి "వెలుగు చాలలేదు" అనుకుని పెంచేస్తుంది. పట్టుచీర జరీ, ముక్కుపుడక, నుదురు అన్నీ తెల్లటి మరకలవుతాయి. దీనికి మందు సులువు. తెర మీద గాయని ముఖం దగ్గర వేలు అదిమి పట్టండి. ఫోకస్, వెలుగు రెండూ అక్కడ తాళం పడతాయి. చాలా ఫోన్లలో పక్కన సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని కిందికి జరిపి, చర్మం రంగు చర్మంలా కనిపించే దగ్గర ఆపండి. కాస్త చీకటిగా ఉన్నా ఫర్వాలేదు.

బొమ్మ మీద నల్లటి చారలు పాకుతున్నాయా? అది కరెంటు ఆట. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, చాలా దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. వీడియోను 25 ఫ్రేములకు, షట్టరును 1/50కి పెడితే చారలు చాలావరకు పోతాయి. ఐఫోన్‌లో 25 ఫ్రేములు కనిపించాలంటే కెమెరా సెట్టింగుల్లో 'పాల్' ఫార్మాట్ల మీట నొక్కాలి. అమెరికాలో ఉన్న మన వాళ్లు ఈ అంకెలు మార్చుకోవాలి. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి 30 ఫ్రేములు, 1/60 షట్టరు సరిపోతాయి.

వెనక పెద్ద ఎల్ఈడీ తెర ఉంటే ముఖాలు నల్లబడతాయి. తెర మీది వెలుగు ముఖానికి సూటిగా వెనక పడకుండా పక్కకు జరగండి.

ఫ్లాష్ మాటేమిటి? ఫోను ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటి పనిచేయదు. అది వెలిగించేది మీ ముందు వరస జుట్టునే. ఆపెయ్యండి.

6. తక్కువ కదలండి, తెలిసి కదలండి

కొత్తగా తీసేవాళ్లు జూమ్ ముందుకీ వెనక్కీ లాగుతుంటారు, చూసేవాళ్లకు తల తిరుగుతుంది. తెర మీద 1, 2, 3 అని కనిపించే అంకెల్లో మీ ఫోనుకు నిజంగా లెన్సు ఉన్న అంకెలు ఏవో తెలుసుకుని వాటి దగ్గరే ఆగండి. అంతకు మించి లాగితే దగ్గరైనట్టే ఉంటుంది గానీ, బొమ్మ మసకబారుతుంది.

కచేరీ తెలిసినవాళ్లకు ఒక గొప్ప లాభముంది: తర్వాత ఏం రాబోతోందో ముందే తెలుసు. దాన్ని వాడుకోండి.

ఆలాపనలో గాయని ముఖం, చెయ్యి పట్టుకుని కదలకుండా ఉండండి. ఆమె ముగింపు స్వరం మీద నిలిచి వయొలిన్ వైపు చూస్తుంది. ఆ చూపే మీకు సైగ. అప్పుడు మెల్లగా వయొలిన్ మీదికి జరగండి. కమాను కదిలేసరికి మీరు అక్కడుంటారు.

స్వరకల్పనలో ఇద్దరి వంతులూ పోనుపోను పొట్టివవుతాయి. అటూ ఇటూ పరిగెత్తకండి, ఇద్దరూ పట్టేలా వెడల్పుగా పెట్టి వదిలెయ్యండి.

తని ఆవర్తనం మొదలవగానే మృదంగం మీదికి వెళ్లండి. విద్వాంసుడి కుడిచెయ్యి ప్రేక్షకుల వైపే ఉంటుంది. చూపుడు వేలు కరణి మీద ఎలా పడి లేస్తుందో దగ్గరగా చూపించండి, నేర్చుకునే పిల్లలు దాన్నే వెనక్కి తిప్పి తిప్పి చూస్తారు. ఘటమో కంజీరో ఉంటే వాళ్ల వంతు వాళ్లకివ్వండి. ఆఖరి కోర్వ ముగిసి గాయని పల్లవి అందుకునేసరికి వేదిక మొత్తం కనపడాలి. ఆ క్షణాన నలుగురి ముఖాల్లో నవ్వు ఒకేసారి వస్తుంది. దాన్ని పోగొట్టుకోకండి.

పంచరత్న గోష్ఠి సంగతి వేరు. పుష్య బహుళ పంచమి నాడు తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర వందలమంది విద్వాంసులు కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని అయిదు కృతులు కలిసి పాడతారు. మన ఊళ్లలోనూ అదే పద్ధతి. అక్కడ వచ్చినవాళ్లందరూ గొంతు కలుపుతారు. మీ పక్కన కూర్చున్న మామయ్యగారు కూడా ఉత్సాహంగా కలుపుతారు, శ్రుతి కలిసినా కలవకపోయినా. అందుకని నాయకత్వం వహించే విద్వాంసుల మైకులకు దగ్గరగా చోటు పట్టండి. ఒక కృతి నడుస్తుండగా ఒక్క అడుగు కూడా వెయ్యకండి, అడుగడుక్కీ సౌండు మారిపోతుంది. కృతికీ కృతికీ మధ్య లేచి జరగండి.

చేతులు వణకకుండా ఉండాలంటే మోచేతులు డొక్కలకు ఆనించండి. ముందు కుర్చీ వీపు ఖాళీగా ఉంటే దాని మీద ఆనించండి. అరగంట దాటేట్టయితే ఒంటికాలి స్టాండు కొనుక్కోండి, జనంలో మూడుకాళ్ల స్టాండు కన్నా అదే నయం. ఎవరి కాలూ తగలదు.

7. వెనకాల మనుషులున్నారు

"బాబూ, కాస్త చెయ్యి దించుతావా? మాకు వీణ కనపడట్లేదు."

ఈ మాట మీ చెవిన పడిందంటే అప్పటికే ఆ పెద్దావిడ పది నిమిషాలు ఓర్చుకున్నారని అర్థం. "అయ్యో, చూసుకోలేదమ్మా" అని వెంటనే దించండి. "ఒక్క నిమిషం ఆంటీ" అనకండి. ఆ నిమిషం ఎప్పుడూ ఒక్క నిమిషం కాదు.

ఫోను తల పైకి ఎత్తడం వద్దు, గడ్డం ఎత్తులో పట్టుకోండి. తెర వెలుగు బాగా తగ్గించండి. చీకటి హాల్లో ఒక్క తెర వెలిగితే వెనక నాలుగు వరసల కళ్లు దాని మీదికే పోతాయి. స్టాండు పెడితే గోడవారగా, కూర్చున్నవాళ్ల తలల ఎత్తుకు మించకుండా పెట్టండి. బయటికి వెళ్లే దారికి ఎప్పుడూ అడ్డం పెట్టకండి.

ఇందులో మీ స్వార్థం కూడా ఉంది. పక్కవాళ్లకు మీరు ఇబ్బంది కలిగించకపోతే వాళ్లూ మీ రికార్డింగ్ చెడగొట్టరు. మొదలయ్యే ముందు పక్కాయనతో "మా చెల్లెలు పాడుతోందండీ, రికార్డు చేస్తున్నా" అని ఒక్క మాట అనండి. ఆయన ఫోను సైలెంట్‌లో పెడతాడు, తన వెనకవాళ్లని కూడా మెల్లగా మాట్లాడమంటాడు.

8. ఫోన్ కాల్, మెమరీ, వేడి

మంచి ఘట్టంలో ఫోను ఆగిపోవడానికి కారణాలు మూడే.

కాల్ రావడం. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. సైలెంట్ చాలదు, కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగే ఆగిపోతుంది.

చోటు చాలకపోవడం. ఐఫోన్ సెట్టింగుల్లో రాసి ఉన్న లెక్క ప్రకారం 1080పి, 30 ఫ్రేముల వీడియో నిమిషానికి దాదాపు 60 ఎంబీ, 4కే అయితే 170 ఎంబీ. రెండున్నర గంటల కచేరీకి మొదటిది 9 జీబీ, రెండోది 25 జీబీ పైమాటే. అమ్మమ్మ టీవీలో చూడటానికి 1080పి చాలు. ముందురోజు రాత్రే పాత వీడియోలు ఖాళీ చేసుకోండి, హాల్లో కూర్చుని ఏది తీసెయ్యాలా అని వెతుక్కోకండి.

వేడి. పొడుగ్గా రికార్డు చేస్తూ, అదే సమయంలో చార్జింగ్ పెడితే ఫోను కాలిపోతుంది, తనంతట తానే ఆగుతుంది. పాటకూ పాటకూ మధ్య ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఇందులో ఇంకో మేలుంది: ఒక ఫైలు చెడినా మిగతావి దక్కుతాయి. కెమెరా వాడేవాళ్లకూ ఇదే సలహా. పాత మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతాయి. ప్రధాన కృతి మొదలవబోతుందనగా కొత్తగా నొక్కండి, తని మధ్యలో ఆగదు.

9. మైదానంలో మ్యూజికల్ నైట్ అయితే?

సినిమా పాటల కార్యక్రమం, వినాయక చవితి పందిరి, కాలేజీ ఫెస్ట్, వీటిలో లెక్క వేరు. అక్కడ ముందుకు పోయేకొద్దీ సౌండు పాడవుతుంది. స్పీకర్ల గుట్ట ముందు నిలబడితే బేస్ దెబ్బకు ఫోను మైకు చేతులెత్తేస్తుంది. మరి ఎక్కడ బాగుంటుంది? జనం మధ్యలో సౌండ్ ఇంజినీరు మిక్సర్ పెట్టుకుని కూర్చున్న గుడారం చూడండి. ఆయన తన చెవికి బాగున్నట్టు సౌండు సర్దుకుంటాడు కాబట్టి ఆ గుడారం పక్క చోటు అన్నిటికన్నా మంచిది.

లైవ్ పెట్టాలనుకుంటున్నారా? వేలమంది ఒకేచోట ఉంటే నెట్‌వర్క్ అందదు. ఫోనులో రికార్డు చేసుకుని ఇంటికెళ్లి పెట్టండి. మొత్తం తీయాలన్న ఆశ కూడా వద్దు. ఒక్క పాట ఎంచుకుని అది పూర్తిగా తీయండి.

తోపులాట మొదలైతే ఇంకో ఆలోచన లేదు. ఫోను జేబులో పెట్టి, రెండు చేతులూ ఛాతీ ముందుకు తెచ్చుకుని పక్కకు తప్పుకోండి. తెర చూస్తూ నిలబడ్డవాడికి వెనక నుంచి వస్తున్న జనం కనపడరు.

10. ఇంటికొచ్చాక చేయాల్సినవి

ఆ రాత్రే ఫైళ్లన్నీ ఇంకొక చోటికి ఎక్కించండి. పేర్లలో తేదీ, ఊరు, రాగం, తాళం రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత వెతికితే మీకే తెలుస్తుంది ఎంత మేలో. గుర్తు లేకపోతే పాడినవాళ్లనే మర్నాడు అడగండి, సంతోషంగా చెబుతారు.

కత్తిరించేటప్పుడు ముందు కళ్లు మూసుకుని వినండి. సౌండు బాగున్న పాటల్ని ఎంచుకున్నాకే బొమ్మ చూడండి. ఎక్కడైనా పైకి పెట్టే ముందు పాడినవాళ్లకు పంపి "ఇది పెట్టనా?" అని అడగండి. వాళ్లకు నచ్చని స్వరం మీకు వినపడి ఉండకపోవచ్చు. సినిమా పాటైతే యూట్యూబ్ దాన్ని తనంతట తానే గుర్తుపట్టి హక్కుదారులకు చెబుతుందని కూడా గుర్తుంచుకోండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోతుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి.

తరచూ జరిగే పొరపాట్లు, ఒక్కసారి చూసుకోండి

* ఫోను నిలువుగా పట్టుకోవడం. వేదిక అడ్డంగా ఉంటుంది, నిలువుగా పెడితే మృదంగం, వయొలిన్ రెండూ పోతాయి.
* ఎర్ర చుక్క వెలిగిందో లేదో చూడకపోవడం. నొక్కాననుకుని నొక్కనివాళ్లు చాలామంది.
* లెన్సు తుడవకపోవడం. జేబులోంచి తీసిన ఫోను మీద వేలిముద్ర ఉంటే దీపాలన్నీ చెదిరిపోతాయి.
* పాట ముగిసిన వెంటనే ఆపెయ్యడం. చప్పట్లు పూర్తయ్యేదాకా ఆగండి, ముగింపు తెగినట్టుండదు.
* కచేరీ రోజే కొత్త యాప్ వాడి చూడటం.

ఈ ఆఖరి పొరపాటుకు విరుగుడు ఈ వారమే ఉంది. మీ వీధి గుడిలో శనివారం భజన జరుగుతుంది కదా? పూజారిగారిని అడిగి ఒక్క పాట తీయండి. ఒకే చోట నిలబడి, ఒకే జూమ్‌తో, ఏరోప్లేన్ మోడ్‌లో. ఇంటికొచ్చి ముందు తెర బోర్లించి సౌండు మాత్రమే వినండి. తబలా పగిలిందా? మీ దగ్గు వినిపించిందా? పక్కవాళ్ల మాటలు ఎంత దూరం నుంచి వచ్చాయి? రాసుకోండి. వచ్చే వారం చోటు మార్చి మళ్లీ తీయండి. రెండు భజనలయ్యేసరికి ఏ గోడ పక్కన నిలబడాలో మీ చెవే చెబుతుంది. అప్పుడు వెళ్లి గురువుగారితో ధైర్యంగా అనండి: "వీడియో సంగతి నేను చూసుకుంటానండీ."